గొణుగుడు, ముద్దు, గలగల: రొజే థెసారస్‌తో ఆరేళ్లు

హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారాలు, మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ ఎంసెట్ గైడ్ల గుట్ట కింద ఈ పుస్తకం దొరికింది. 200 చెప్పాడు, 150కి ఇచ్చాడు. ముందు అట్ట లేదు. వెనక అట్ట మీద ఎవరో పెన్సిలుతో కూడికలు వేసుకున్నారు. పీటర్ మార్క్ రొజే కూర్చిన ఇంగ్లీషు థెసారస్, అంటే దగ్గరి అర్థాల మాటలను ఒకచోట చేర్చిన పుస్తకం ఇది. 1911 నాటి పాఠాన్ని ఆ తర్వాత ఎప్పుడో తిరిగి అచ్చు వేసిన ప్రతి. ఆరేళ్లుగా నా పనిబల్ల మీదే ఉంటోంది. పని ఉన్న రోజున కనీసం పదిసార్లు తెరుస్తాను.

ఏ పనికి వాడుతున్నానో ముందు చెప్పాలి. తెలుగు సినిమాలకూ వెబ్ సిరీస్‌లకూ నేను ఇంగ్లీషు క్యాప్షన్లు రాస్తాను. సబ్‌టైటిల్ అంటే మాటల అనువాదం మాత్రమే. నేను రాసేది చెవులు వినపడనివారి కోసం కనుక మాటలతో పాటు చప్పుళ్లనూ రాయాలి. తెర బయట ఎవరో గొణిగితే గొణిగారని రాయాలి. గోడ అవతల కుళాయి కారుతుంటే అదీ రాయాలి. చీకటి గదిలో తల్లి బిడ్డను ముద్దు పెట్టుకుంటే ఆ చప్పుడునూ వదలకూడదు. వరుసకు 42 అక్షరాలు, మొత్తం రెండు వరుసలు, తెర మీద కొద్ది క్షణాలు. వివరించడానికి చోటే ఉండదు. అతికే క్రియ ఒక్కటి దొరకాలి.

ఈ పనిలోకి నేను వచ్చింది మా అక్క వల్ల. ఆమెకు 17వ ఏట మెనింజైటిస్ వచ్చి రెండు చెవులూ పోయాయి. అంతవరకూ అందరిలాగే అన్నీ విన్నది. మా ఇల్లు కోనసీమలో పంటకాలువ గట్టు మీద. నీటి చప్పుడు పుట్టిన దగ్గర నుంచి ఆమె చెవిలో ఉన్నది, ఇప్పటికీ గుర్తున్నది. ఎదుటివారి పెదవులు చూసి మాట పట్టుకుంటుంది, పట్టుబడనిది కాగితం మీద రాయిస్తుంది. ఇంగ్లీషు ఎం.ఏ. చదివింది. ఏ క్రియ వాడాలో తేలనప్పుడు నేను అడిగేది ఈ పుస్తకాన్నీ ఆమెనూ. ఇద్దరి జవాబులూ ఒకటి కాని సందర్భాలే ఎక్కువ.

రొజే వృత్తిరీత్యా వైద్యుడు. 1779లో లండన్‌లో పుట్టాడు. 1805లో సొంత వాడకం కోసం మాటల పట్టిక ఒకటి తయారు చేసుకున్నాడు. దాన్ని పెంచి పుస్తకంగా వేసింది 1852లో, 73 ఏళ్ల వయసులో. మధ్యలో ఇరవై ఏళ్లకు పైగా లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి కార్యదర్శిగా పనిచేశాడు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది కూడా ఆ 1852లోనే. మా ఇంటి ముందు కాలువకు నీళ్లు ఆ ఆనకట్ట నుంచే వచ్చేవి. అందుకే నాకు ఈ రెండూ జంటగా గుర్తుంటాయి.

ఇందులో మాటలు అకారాది క్రమంలో ఉండవు. లోకంలోని భావాలన్నిటినీ ఆరు తరగతులుగా విడదీసి, వాటి కింద వెయ్యి శీర్షికలు పెట్టి, ఒక్కో శీర్షిక కింద నామవాచకాలు, క్రియలు, విశేషణాలు పోగు చేశాడు. వెనక సూచిక ఉంటుంది. మనకు తెలిసిన మాటను సూచికలో చూసి, అక్కడ ఇచ్చిన అంకె పట్టుకొని లోపలికి వెళ్తే, ఆ మాట ఉండే వాడ మొత్తం కనిపిస్తుంది. చిన్నప్పుడు అమరకోశం వల్లించినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. అమరంలో నీటి మాటలు వారివర్గంలో, పలుకులూ చప్పుళ్లూ శబ్దాదివర్గంలో ఉంటాయి. రొజేకు ఈ సంగతి తెలుసు. తన ఉపోద్ఘాతం కింది పాదసూచికలో అమరకోశాన్నీ, 1808లో సెరాంపూర్‌లో అచ్చయిన దాని ఇంగ్లీషు అనువాదాన్నీ (కోల్‌బ్రూక్ చేసినది) పేర్కొన్నాడు. పేర్కొని, ఆ వర్గీకరణ గందరగోళంగా ఉందన్నాడు. ఆ తీర్పును నేను ఒప్పుకోను. నోటికి రావడానికి శ్లోకాల్లో కట్టిన కోశాన్ని, బల్ల మీద పెట్టుకొని వెతుక్కునే కోశపు కొలతతో కొలిచాడు.

నా ప్రతిలో బాగా నలిగిన పుట 405వ శీర్షిక ఉన్నది. మందధ్వని అనవచ్చు దాన్ని. క్రియలు ఇలా సాగుతాయి: విస్పర్, బ్రీద్, మర్మర్, పర్ల్, హమ్, గర్గిల్, రిపుల్, బ్యాబుల్, ఫ్లో, టింకుల్. వెంటనే మటర్ అని ఇచ్చి, దాని కోసం 583 చూడమంటాడు. మనిషి గుసగుసతో బయలుదేరి, కాలువలోకి దిగి, కాసేపు నీటి వెంట నడిచి, మళ్లీ మనిషి గొణుగుడు దగ్గర ఒడ్డెక్కుతుంది ఆ వరుస.

ఇది మొదటిసారి చదివిన రోజున నాకు తట్టినది వాగు. మనకు వాగు అంటే ఏరు, వాగడం అంటే అదుపు లేకుండా మాట్లాడటం. ఈ రెండు మాటలకూ మూలం ఒకటేనని నేను అనడం లేదు, పలికేటప్పుడు మాత్రం రెండూ ఒకటే. ఇంగ్లీషులో బ్యాబుల్ అనే క్రియ మాటలు రాని పసిపిల్లలకు చెల్లుతుంది, వదరుబోతులకు చెల్లుతుంది, రాళ్ల మీద పారే ఏటికీ చెల్లుతుంది. ప్యాటర్ కూడా అలాంటిదే: పెంకుల మీద చినుకులకూ అదే, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే మాటలకూ అదే. గష్, స్పౌట్ కూడా నీటి నుంచి నోటికి వచ్చినవే. మనం ధారాళంగా మాట్లాడాడు అన్నప్పుడు అందులోనూ ధార ఉన్నది కదా. ఇంగ్లీషులో నీళ్లూ మాటలూ ఇంత దగ్గరగా ఉంటాయని నాకు చూపించింది ఈ పుస్తకం. ఫోనులో దొరికే పర్యాయపదాల పట్టికలు చూపించలేదు. వాటిలో మర్మర్ అని కొడితే విస్పర్ వస్తుంది, మరో నాలుగు మాటలు వస్తాయి, కాలువ మాత్రం రాదు.

తెలుగులో చప్పుడు వేరు, క్రియ వేరు. గలగల పారింది, బొటబొట కారింది, సలసల కాగింది, కుతకుత ఉడికింది. నీరు ఏమి చేసిందో క్రియ చెబుతుంది, ఎలా వినిపించిందో ముందున్న జంట చెబుతుంది. ఇంగ్లీషులో చాలాచోట్ల చప్పుడే క్రియ. రెండిటినీ ఒక్క ముడి వేసి ఇస్తారు. నా 42 అక్షరాలకు అది ఎంతో అనుకూలం. అయితే ముడి తప్పుగా పడితే సరిచేయడానికి మరో మాట వాడే చోటు ఉండదు.

మాట్లాడే క్రియల దగ్గర ఇలాంటి తప్పు చేశాను. ఒక సన్నివేశంలో తల్లి చెంగు నోటికి అడ్డం పెట్టుకొని కొడుకు గురించి ఏదో అంటుంది. లోగొంతుకతో అన్నది కనుక విస్పర్ అని రాశాను. అక్కకు ఆ సన్నివేశం చెప్పి, రాసింది చూపించాను.

"పెదవులు కదిలించిందా?" అని అడిగింది.

"చెంగు అడ్డం ఉన్నది, కనపడలేదు. పెద్దగా కదిలించినట్టు లేదు."

"అయితే అది గుసగుస కాదు, తమ్ముడూ. గుసగుస నాకు బాగానే వినపడుతుంది. గొణుగుడే వినపడదు."

నిజమే. గుసగుసలో స్వరతంత్రులు కంపించవు, ఊపిరే మాటగా వస్తుంది. పెదవులు మాత్రం చక్కగా ఆడతాయి. కొందరైతే వినపడదేమోనని మామూలు కన్నా ఎక్కువగా ఆడిస్తారు. పెదవులు చదివే మనిషికి గుసగుసంత స్పష్టమైన మాట లేదు. మంబుల్‌లో గొంతు పలుకుతుంది, పెదవులు పలకవు. మర్మర్‌లో గొంతు ఉంటుంది, మెత్తగా ఉంటుంది. మటర్‌లో గొంతుతో పాటు అసంతృప్తి ఉంటుంది. మన గొణుగు, సణుగు ఈ చివరిదానికి చుట్టాలు. అయితే సణుగుడులో అదే మాట పదే పదే వస్తుంది, ఎదుటివాడు వినాలనే కోరిక కూడా ఉంటుంది. ఆ తల్లి మాటకు చివరికి మటర్ అని పెట్టాను. పెదవులు కనిపించే చోట్ల కూడా ఆమెకు చిక్కులున్నాయి. ప, బ, మ పెదవుల మీద ఒకే రకంగా ఉంటాయి. పాట, బాట, మాట ఆమెకు ఒకే బొమ్మ. సందర్భం చూసి తేల్చుకోవాలి. అందుకే మాట ఎలా వచ్చిందో చెప్పే క్రియ ఆమెకు అలంకారం కాదు, మాటను గుర్తుపట్టే ఆధారం.

ఈ తేడాలను థెసారస్ చెప్పదు. వరుసలో పక్కపక్కన నిలబెడుతుందంతే. ఎవరు అంటారు, ఎవరితో అంటారు, కోపమా, భయమా, ప్రేమా అనేది మనమే కనుక్కోవాలి. ఇది ఈ పుస్తకం మీద నా మొదటి ఫిర్యాదు. రెండోది దీనికన్నా పెద్దది. 583వ శీర్షిక నత్తిది. స్టామర్, స్టటర్, ఫాల్టర్ అక్కడ ఉన్నాయి. వాటితోనే మంబుల్, మటర్, లిస్ప్, జాబర్, స్ప్లటర్, డ్రాల్ ఉన్నాయి. అక్కడితో ఆగకుండా, భాషను ఖూనీ చేయడం అనే అర్థం వచ్చే పలుకుబడినీ అదే వరుసలో చేర్చారు. గొణగడం మనిషి చేసే పని. నత్తి మనిషికి వచ్చిన ఇబ్బంది. రెండిటినీ కలిపి, వాటి పక్కన ఖూనీ మాట పెట్టడం నాకు కష్టం కలిగించింది. తన గొంతు తనకు వినపడక అక్క ఉచ్చారణ ఈ పదేళ్లలో కొంత మారింది. కొత్తవారు ఆమె మాట విని ముఖం పెట్టే తీరు నేను చూశాను. ఆ పుటలో ఒక గీత గీసి స్టామర్, స్టటర్‌లను నా మటుకు నేను వేరు చేసుకున్నాను.

ముద్దు విషయంలో ఈ ప్రతి పేదది. 902వ శీర్షికలో కిస్ ఉంది, బస్, స్మాక్ ఉన్నాయి, పండితులు మాత్రమే వాడే ఆస్క్యులేషన్ ఉంది. పాత పాఠం కావడం వల్ల బ్రిటన్‌లో ఇప్పుడు అందరి నోటా వినిపించే స్నాగ్ లేదు. బస్ అని ఈ రోజు రాస్తే ప్రేక్షకుడికి కనిపించేది బస్సే. అసలు ముద్దుకు క్యాప్షన్ అవసరమయ్యే చోట్లు తక్కువ. తెర మీద కనిపిస్తే రాయనక్కర లేదు. నుదుటి మీది ముద్దుకు చప్పుడే ఉండదు. తెర బయట వినిపించినప్పుడే ఇబ్బంది. ఒకచోట తండ్రి ఊరికి వెళ్తూ పక్కగదిలో నిద్రపోతున్న పాపకు ముద్దు పెడతాడు, మనకు చప్పుడు మాత్రం వస్తుంది. పుస్తకం స్మాక్ ఇచ్చింది. రాయబోయి ఆగాను. స్మాక్ అంటే చెంపదెబ్బ కూడా. చెవులు వినపడని ప్రేక్షకుడు, మూసిన తలుపు చూస్తూ, ఆ మాట చదివితే తండ్రి పాపను కొట్టాడనుకుంటాడు. సినిమా మొత్తం తలకిందులవుతుంది. సూచికలో స్మాక్ కింద పడవ, రుచి, ముద్దు అని విడివిడిగా అంకెలున్నాయి. ఒకటి మరొకటిగా పొరబడే ప్రమాదం ఉందని ఎక్కడా ఉండదు. కిసెస్ సాఫ్ట్‌లీ అని రెండు మాటలు వాడి బయటపడ్డాను. తెలుగులో ముద్దు అన్న మాటలోనే బిడ్డ ఉంటుంది, ముద్దొచ్చే అందం ఉంటుంది, ముద్దుపేరు ఉంటుంది. ఇంగ్లీషులో ఆ మెత్తదనాన్ని పక్కన మరో మాట పెట్టి తెచ్చుకోవాలి.

ఇక నీళ్లు. ఈ పుస్తకానికి నేను అత్యంత రుణపడింది ఇక్కడే. నీటి చప్పుడు నిజానికి చాలావరకు గాలి చప్పుడని చాలామందికి తెలియదు. నీటిలో చిక్కుకున్న బుడగలు కంపించడం వల్ల ఆ ధ్వని పుడుతుందని మినార్ట్ అనే శాస్త్రవేత్త 1933లో లెక్క కట్టి చూపించాడు. బుడగ పెద్దదైతే ధ్వని లోతుగా, చిన్నదైతే సన్నగా ఉంటుంది. ఇది తెలిశాక 405వ వరుస నాకు వేరుగా వినిపించింది. గర్గిల్ ఇరుకు మెడలో గాలీ నీరూ తోసుకుంటే వచ్చేది. కూజా వంచినప్పుడు వచ్చే మన బుడబుడ అదే. టింకుల్ సన్న బుడగలది, రాగి చెంబులో పడే సన్నని ధారది. రిపుల్‌లో చప్పుడు కన్నా కదలిక ఎక్కువ. బ్యాబుల్‌కు రాళ్లు కావాలి. బురద అడుగున్న మా పంటకాలువ బ్యాబుల్ చేయదు.

అక్కతో దీన్ని సరిచూసుకోవడం మా ఇద్దరికీ అలవాటయింది. ఇంగ్లీషు మాట చీటీ మీద రాసి ఇస్తాను. ఆమె కళ్లు మూసుకొని కాసేపు ఉండి, ఎక్కడి చప్పుడో చెబుతుంది. ట్రికిల్‌కు చూరు అన్నది. వాన వెలిశాక చూరు నుంచి తాళ్లలా దిగే నీళ్లు. డ్రిప్‌కు ఆసుపత్రి అన్నది, తన మంచం పక్క వేలాడిన సీసాకు చప్పుడు లేకపోయినా. స్లోష్ ఇస్తే బిందె అన్నది వెంటనే: చంకలో నిండు బిందె, నడకకు తొణికి చీర తడిసే చప్పుడు. లాప్ ఇచ్చినప్పుడు చాలాసేపు ఆలోచించి, రేవులో కట్టిన పడవ అన్నది. ఆమె చెప్పిన ప్రతి చోటూ ఆ క్రియకు సరిగ్గా అతికింది. ఇది విన్న నలభై ఏళ్ల తర్వాత.

పర్ల్ విషయంలో మాత్రం ఈ పుస్తకం నన్ను దెబ్బ తీసింది. సుడులు తిరుగుతూ మెత్తగా పారే నీటికి చక్కని పాత మాట. తోట పక్క కాలువకు అదే రాసి పంపాను. రెండు రోజులకు ఫైలు తిరిగి వచ్చింది. ఈ రోజు ఈ మాట తెలిసినవారు స్వెట్టర్ అల్లికలోని కుట్టునే అనుకుంటారని పరిశీలకుడు రాశాడు. చూస్తే నిజమే. 1911 నాటి పాఠానికి తన మాటల్లో ఏది ముసలిదైపోయిందో తెలియదు. కాబట్టి విద్యార్థుల కోసం వేసిన నేటి నిఘంటువు ఒకటి పక్కన పెట్టుకోకుండా ఇందులోని ఏ క్రియనూ వాడకండి. థెసారస్ మాటను గుర్తు చేస్తుంది, వాడవచ్చునని హామీ ఇవ్వదు. ఇంగ్లీషు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవారికి దీన్ని మొదటి పుస్తకంగా నేను ఇవ్వను. నాలుగైదేళ్లు బాగా చదివి, సగం తెలిసిన మాటలు తలలో చాలా చేరినవారికి తప్పకుండా ఇస్తాను.

వస్తువుగా ఈ ప్రతి బాగా లేదు. కాగితం పెళుసు. అక్షరం మరీ సన్నం, రాత్రిపూట భూతద్దం కావాలి. కుట్టు లోపలికి పోయి సూచికలో ఎడమ వైపు అంకెలు సగం కనపడవు. ఇక్కడ ఒక పాత బైండరు 120 రూపాయలు తీసుకొని, విప్పి, గుడ్డ అట్ట వేసి ఇచ్చాడు. ఇప్పుడు బల్ల మీద పరిస్తే తెరిచి ఉంటుంది. డబ్బు పెట్టదలచుకోనివారికి 1911 పాఠం, పాత పుస్తకాలను ఇంటర్నెట్‌లో పెట్టే ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో 1991 నుంచి ఉచితంగా ఉన్నది. వెతకడానికి అది ఎంతో వేగం, నేనూ వాడతాను. ఆధునిక మాటలు కావాలంటే కొత్త సంస్కరణలు అన్ని పెద్ద దుకాణాల్లో దొరుకుతాయి. కొనేముందు లోపల చూసి, అకారాది క్రమంలో ఉన్నది మాత్రం తీసుకోకండి. రొజే పేరు ఉన్నంత మాత్రాన రొజే అమరిక ఉంటుందని లేదు. అమరిక పోతే 405 పోతుంది, వాగు పోతుంది.

కాగితం ప్రతిలో నాకు దొరికి, తెర మీద దొరకనిది అంచు. పుటకు రెండు వేళ్ల వెడల్పున ఖాళీ ఉన్నది. అందులో మొదట నేను రాయడం మొదలుపెట్టాను, తర్వాత అక్క. మర్మర్ పక్కన "రాత్రి అమ్మా నాన్నా మాట్లాడుకోవడం, గోడ అవతల నుంచి" అని ఆమె రాసింది. హమ్ పక్కన "రైసు మిల్లు, దూరంగా". గర్గిల్ పక్కన "కూజా" అని నేను రాస్తే, కొట్టేసి "చిన్నప్పుడు నువ్వు ఉప్పునీళ్లు పుక్కిలించడం" అని దిద్దింది. బ్యాబుల్ పక్కన చాలాకాలం ఖాళీగా ఉండేది. మా కాలువకు ఆ మాట చెల్లదని మేమిద్దరం ఒప్పుకున్నాం కదా. పోయిన నెలలో వచ్చినప్పుడు పుస్తకం తీసుకొని, పెన్సిలు అడిగి, అక్కడ "అరకు వెళ్లాం, నాకు పదహారేళ్లు" అని రాసి ఇచ్చింది.